వెర్నా ఫీల్డ్స్: రెండు ఫ్రేముల తేడా

(ఫిల్మ్ క్లబ్‌లో ‘జాస్’ ప్రదర్శన అయ్యాక చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. లైట్లు వేశాక కూడా ఎవరూ లేచి వెళ్ళలేదు, సంతోషం. సినిమా చూపించి ఆ తర్వాత ఉపన్యాసం పెట్టడమంటే భోజనాలయ్యాక శుభలేఖ పంచినట్టే. కానీ ఈ సినిమాకి ఇదే పద్ధతి. ముందే మాట్లాడితే మీరు భయపడాల్సిన చోట భయపడరు, షాట్లు లెక్కపెడుతూ కూర్చుంటారు.

ఒక్క ప్రశ్నతో మొదలుపెడతాను. మొదటి సీనులో, రాత్రిపూట ఒక అమ్మాయి ఈతకి వెళ్ళింది కదా? ఆమెని చంపిన సొరచేప ఎలా ఉంది? ఎవరైనా చెప్తారా? నోరెంత ఉంది, పళ్ళెలా ఉన్నాయి? ... చూడలేదు కదా. ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఆ సీనులో చేపే లేదు. అమ్మాయి ఉంది, నీళ్ళున్నాయి, నీళ్ళలో ఒక కుదుపుంది. అంతే. అయినా ఇందాక ముందు వరసలో ఒకాయన కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు, నేను చూశాను. పేరు చెప్పనులెండి.

ఈ భయం ఎవరి పని? దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్, అది అందరూ చెప్తారు. సంగీతం జాన్ విలియమ్స్, అదీ చెప్తారు. టైటిల్స్‌లో ఇంకో పేరు వెళ్ళింది, గమనించారా? ఫిల్మ్ ఎడిటర్, వెర్నా ఫీల్డ్స్. 1975లో సినిమా వచ్చేనాటికి ఆమెకి 57 ఏళ్ళు. స్పీల్‌బర్గ్‌కి 28. ఆమె పిల్లలకీ ఇంచుమించు ఆ వయసే ఉంటుంది. సినిమా వాళ్ళు ఆమెని ‘మదర్ కట్టర్’ అనేవాళ్ళు, కట్టర్ అంటే ఫిల్ము కత్తిరించే ఎడిటరే. ఆ పేరులో ఒక బూతు కూడా దాక్కుని ఉంది, ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ముసిముసిగా నవ్వుకోండి, నేను విడమరచి చెప్పను.

ఈమె ఎక్కడనుంచి వచ్చింది? 1918లో సెయింట్ లూయిస్‌లో పుట్టింది. తండ్రి శామ్ హెల్‌మన్ పత్రికల్లో రాసేవాడు, తర్వాత హాలీవుడ్ వెళ్ళి సినిమా రచయిత అయ్యాడు. జాన్ ఫోర్డ్ తీసిన ‘మై డార్లింగ్ క్లెమెంటైన్’ టైటిల్స్‌లో కథ దగ్గర ఆయన పేరు కనిపిస్తుంది. కూతురు యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో జర్నలిజం చదివింది. సినిమాల్లో ఆమె మొదటి ఉద్యోగం ఏమిటో తెలుసా? సౌండ్ విభాగం. 1944లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ది ఉమన్ ఇన్ ది విండో’కి సౌండ్ ఎడిటింగ్‌లో సహాయకురాలు. సౌండ్‌లో మొదలైంది అన్న సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

తర్వాత పెళ్ళి. భర్త శామ్ ఫీల్డ్స్, ఆయనా ఎడిటరే. ఇద్దరు మగపిల్లలు. పిల్లలు పుట్టాక ఈమె పని మానేసింది, ఆ రోజుల్లో అంతే, మన ఇళ్ళలో మాత్రం ఏం వేరు? 1954లో శామ్‌కి గుండెపోటు వచ్చింది. 38 ఏళ్ళకే పోయాడు.

ఇప్పుడు ఆలోచించండి. ఇద్దరు చిన్నపిల్లలు, ఇంట్లో సంపాదించేవాళ్ళు లేరు. స్టూడియోకి వెళ్ళి రాత్రి పదింటిదాకా కూర్చోవడం కుదరదు. ఆమె ఏం చేసిందంటే, ఎడిటింగ్ రూముని ఇంటికి తెచ్చుకుంది. పిల్లలు పడుకున్నాక ఇంట్లోనే కూర్చుని టీవీ సీరియళ్ళకి సౌండ్ కట్ చేసేది. ‘డెత్ వ్యాలీ డేస్’, పిల్లల కార్యక్రమాలు ‘స్కై కింగ్’, ‘ఫ్యూరీ’, ఇలాంటివి. ఒకటి గుర్రం కథ, ఇంకోటి విమానం కథ. అవి శనివారం ఉదయాల్లో వచ్చేవి. అందుకని తాను ‘శనివారం ఉదయానికి మహారాణి’నని పిల్లలతో చెప్పేదట.

టీవీ పని అంటే మనం కొంచెం తక్కువగా చూస్తాం. ఇక్కడ సీరియల్స్‌కి ఎడిటింగ్ చేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళకి తెలుసు ఆ టెన్షన్. వారానికో ఎపిసోడ్ వెళ్ళాలి, బాగున్నా వెళ్ళాలి, బాగాలేకపోయినా వెళ్ళాలి. గుర్రం పరిగెత్తిన ప్రతిసారీ డెక్కల చప్పుడు కాలితో కలవాలి. ఒక్క ఫ్రేము, అంటే ఫిల్ములో ఒక్క బొమ్మ, అటూ ఇటూ అయినా చూసే పిల్లాడు కారణం చెప్పలేడు గానీ, ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది. ఇలా ఏళ్ళ తరబడి చేసిన చెయ్యి అది.

1961లో ‘ఎల్ సిడ్’ వచ్చింది. చార్ల్టన్ హెస్టన్, కత్తులు, డాళ్ళు, వేలమంది సైన్యం. దానికి సౌండ్ ఎడిటింగ్ ఈమెది, సౌండ్ ఎడిటర్ల సంఘం వాళ్ళు గోల్డెన్ రీల్ అవార్డు ఇచ్చారు. కానీ నాకు దానికన్నా ఇష్టమైనది 1968 నాటి ‘టార్గెట్స్’. పీటర్ బొగ్డనోవిచ్ మొదటి సినిమా, అతి తక్కువ డబ్బుతో తీశాడు. ఒకడు తుపాకీతో దూరం నుంచి హైవే మీద పోయే కార్లని కాలుస్తుంటాడు. ఆ సీను సౌండ్ లేకుండా తీశారు. మరి మనకి వినపడేదంతా? కార్లు పోయే హోరు, తుపాకీ పేలడం, గుండు తగలగానే కారు కీచుమనడం, అన్నీ తర్వాత ఎడిటింగ్ రూములో ఈమె ఒక్కొక్కటిగా అతికించినవే. సౌండ్ ఎడిటర్‌గా అన్నేళ్ళు చేసినవాళ్ళకి ఒక విషయం ఒంటబడుతుంది. చూపించకుండా వినిపిస్తే జనం మిగతాది తామే కల్పించుకుంటారు. ‘జాస్’ చూశాక ఇది కొత్తగా చెప్పక్కర్లేదనుకుంటాను.

1960ల మధ్య నుంచి తాను చదివిన యూనివర్సిటీలోనే ఎడిటింగ్ పాఠాలు చెప్పింది. ఆ క్లాసుల్లో ఎవరున్నారు? జార్జ్ లూకాస్, జాన్ మిలియస్, ఇలా తర్వాత హాలీవుడ్‌ని ఏలిన కుర్రాళ్ళు. 1967లో ఆమెకి ప్రభుత్వం తరఫున ఒక డాక్యుమెంటరీ వచ్చింది, అధ్యక్షుడు జాన్సన్ ఆసియా పర్యటన మీద. చేతికి సాయంగా ఎవరిని పెట్టుకుందాం అనుకుని లూకాస్‌ని పిలిచింది. అప్పటికే పనిచేస్తున్న మార్షా గ్రిఫిన్ అనే అమ్మాయినీ పిలిచింది. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టింది. తర్వాత ఏమైందో ఊహించగలరు, 1969లో వాళ్ళకి పెళ్ళయింది. ఆ మార్షా లూకాసే తర్వాత ‘స్టార్ వార్స్’ ఎడిటింగ్‌కి ఆస్కార్ తీసుకున్నది.

అక్కడనుంచి వేగంగా వెళ్తాను. 1972లో బొగ్డనోవిచ్‌తో ‘వాట్స్ అప్, డాక్?’, మరుసటేడు అతనితోనే ‘పేపర్ మూన్’. అదే ఏడాది లూకాస్ ‘అమెరికన్ గ్రాఫిటీ’, మార్షాతో కలిసి. ఒకే రాత్రి, నాలుగు కథలు, ఆగకుండా రేడియో పాటలు. దానికి ఇద్దరికీ ఆస్కార్ నామినేషన్ వచ్చింది, అవార్డు మాత్రం ‘ది స్టింగ్’కి వెళ్ళింది. 1974లో స్పీల్‌బర్గ్ ‘షుగర్‌ల్యాండ్ ఎక్స్‌ప్రెస్’, ఎడ్వర్డ్ అబ్రమ్స్‌తో కలిసి. అలా ‘జాస్’ దగ్గరికొచ్చాం.

‘జాస్’ షూటింగ్ కథ మీలో చాలామందికి తెలుసు. మసాచుసెట్స్‌లో మార్తాస్ విన్యార్డ్ అనే దీవి. 55 రోజుల్లో అయిపోవాల్సిన షూటింగ్ 159 రోజులు పట్టింది. 40 లక్షల డాలర్ల బడ్జెట్ 90 లక్షలకి చేరింది. నీళ్ళ ట్యాంకులో కాదు, నిజమైన సముద్రంలో తీశారు. యంత్రాలతో నడిచే సొరచేపలు ఉప్పునీళ్ళు తగిలేసరికి మొరాయించాయి. చేప రాదు, పడవ ఊగుతుంది, మబ్బు పడుతుంది, ఎండ కాస్తుంది. పొద్దున తీసిన షాటులో ఆకాశం నీలంగా ఉంటుంది, దానికి జవాబుగా మధ్యాహ్నం తీసిన షాటులో బూడిదరంగు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఒకే నిమిషంలో జరిగినట్టు చూపించాలి. ఎవరు? అదే, ఎడిటర్. వెర్నా దీవిలోనే ఉండి, షూటింగ్ నడుస్తుండగానే కట్ చేస్తూ వచ్చింది. షూటింగ్ అయిపోయేనాటికి సినిమాలో మూడింట మొదటి రెండు వంతులు, అంటే ముగ్గురు ముఖ్యపాత్రలూ పడవెక్కి వేటకి బయల్దేరేదాకా, ఆమె దగ్గర రఫ్ కట్, అంటే తొలి కూర్పు, సిద్ధంగా ఉంది.

ఇప్పుడు బీచ్ సీను. నేను ఇవాళ వచ్చిందే దీనికోసం, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

పోలీస్ చీఫ్ బ్రోడీ ఇసుకలో కూర్చున్నాడు. నీళ్ళలో చేప ఉందని అతనికి అనుమానం, ఊళ్ళో వాళ్ళు నమ్మలేదు. బీచ్ నిండా జనం. అతను నీళ్ళనే చూస్తున్నాడు. ఇప్పుడు గుర్తుచేసుకోండి, కెమెరాకి అడ్డంగా జనం నడుస్తుంటారు, మసగ్గా, ఒక రంగు బట్ట అడ్డం వెళ్ళినట్టు. ఒక మనిషి అడ్డం వెళ్ళాడు, తర్వాత బ్రోడీ కొంచెం దగ్గరయ్యాడు. ఇంకొకరు వెళ్ళారు, ఇంకా దగ్గరయ్యాడు. ఎక్కడ కట్ అయిందో మీకు కనపడిందా? కనపడదు. అడ్డం వచ్చిన మనిషి ఒంటి వెనకే కట్ దాచేశారు. మధ్యలో అతను చూసేవి వస్తుంటాయి. ఒక కుర్రాడు పసుపురంగు తెప్ప తీసుకుని నీళ్ళలోకి పరిగెత్తాడు. ఒకడు కుక్కకి కర్ర విసురుతున్నాడు. నల్లగా ఏదో తేలుతోంది, చేపేమో అనుకున్నాం, ముసలాయన టోపీ. ఒక అమ్మాయి కెవ్వుమంది, చూస్తే ఆమెని ప్రియుడు నీళ్ళలో పైకెత్తాడు. రెండుసార్లు మోసపోయాం. ఇంతలో ఎవడో వచ్చి బ్రోడీ ముందు నిలబడి వీధిలో ఏదో సమస్య గురించి మాట్లాడుతున్నాడు. బ్రోడీకి నీళ్ళు కనపడవు, మనకీ కనపడవు. పక్కకి జరగవయ్యా బాబూ అని మనకే అరవాలనిపిస్తుంది, అవునా కాదా?

తర్వాత కర్ర ఒక్కటే నీళ్ళమీద తేలుతోంది. కుక్క లేదు. కుక్కవాడు పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఒక్క షాటు, కొద్ది క్షణాలు. కుక్క చచ్చిపోయిందని ఎవరూ మనకి చెప్పలేదు. అప్పుడుగానీ సంగీతం మొదలవదు. ఇది గమనించారా? అంతదాకా సంగీతం లేదు, బీచ్‌లో జనం గోల, ఎక్కడో రేడియో, పిల్లల కేకలు. ఆ శబ్దాలే సీనుని నడిపించాయి. టోపీ, అమ్మాయి కేక, రెండూ ఉత్తుత్తివే, అక్కడ చేప కోసం విలియమ్స్ కట్టిన ఆ రెండు స్వరాలు వినపడవు. నిజంగా చేప వచ్చినప్పుడే వినపడతాయి. సీను మనకి అబద్ధం చెప్పింది గానీ సంగీతం చెప్పలేదు.

మనుషుల వెనక కట్ దాచాలన్న ఆలోచన స్పీల్‌బర్గ్‌దే, అలాగే ప్లాన్ చేసి తీశాడు. దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, కర్ర షాటు ఎంతసేపు ఉంచాలి అన్నవి ఎడిటింగ్ బల్ల దగ్గర తేలే సంగతులు. ఈ రెండూ విడదీసి, ఇది ఇతనిది, ఇది ఆమెది అని గీత గీయమంటే నా వల్ల కాదు, మీ వల్లా కాదు.

ఒక చోట మాత్రం కొంచెం గీయొచ్చు. స్పీల్‌బర్గే తర్వాత ఒక డాక్యుమెంటరీలో చెప్పాడు. చేప కనపడే ఒక షాటు కోసం పడవ మీద రోజుల తరబడి పడిగాపులు పడ్డాడు. ఎంతో కష్టపడి తీసిన షాటు, ఎక్కువసేపు ఉంచాలని ఆశ ఉండదా? వెర్నా తగ్గించమనేది. 36 ఫ్రేములుంటే చేప నిజంగా ఉన్నట్టు భయపెడుతుంది, 38 ఉంటే నీళ్ళలో తేలే తెల్లటి... అక్కడ ఆయన వాడిన మాట ఆడవాళ్ళు, పిల్లలు ఉన్న సభలో చెప్పలేను. ముక్కు మూసుకునే వస్తువు అనుకోండి. సెకనుకి 24 ఫ్రేములు, అంటే రెండు ఫ్రేములు సెకనులో పన్నెండో వంతు. చేత్తో ఫిల్ము పట్టుకుని పనిచేసిన పెద్దలు ఇక్కడున్నారు, వాళ్ళకి అంగుళాల్లో చెప్తాను, ఒకటిన్నర అంగుళం. ఆ ఒకటిన్నర అంగుళం కత్తిరిస్తే మృత్యువు, కత్తిరించకపోతే రబ్బరు బొమ్మ.

తీసినవాడికి షాటు వెనక పడ్డ కష్టం కనపడుతుంది. ఎడిటర్‌కి ఆ కష్టంతో పని లేదు, షాటే కనపడాలి. మన సినిమాల్లో హీరో గాల్లోకి ఎగిరితే అదే షాటు మూడు కోణాల్లో, మూడుసార్లు, స్లోమోషన్‌లో చూస్తాం. ఖర్చు పెట్టాం కదా, చూపించకపోతే ఎలా అని. తప్పంటం లేదు, మనకి ఈలలు కావాలి. కానీ ఆ లెక్కన ‘జాస్’ మనవాళ్ళ చేతిలో పడితే చేపకి ఒక ఎంట్రీ సాంగ్ ఉండేది.

ఇంకో ముచ్చట. 1975 మార్చిలో డాలస్‌లో ప్రివ్యూ వేశారు. జనం ఒక చోట గట్టిగా అరిచారు, చేప నీళ్ళలోంచి హఠాత్తుగా తల పైకెత్తే చోట. స్పీల్‌బర్గ్‌కి ఆశ పెరిగింది, ఇంకో అరుపు కావాలన్నాడు. సొరచేపల నిపుణుడు హూపర్ నీళ్ళ అడుగున మునిగిన పడవ దగ్గరికి వెళ్తాడు, చిల్లులోంచి చనిపోయిన జాలరి బెన్ గార్డ్‌నర్ తల బయటికొస్తుంది, ఆ చోటు. ముందు తీసింది సరిపోలేదు. స్టూడియో ఇక డబ్బులివ్వనంది. స్పీల్‌బర్గ్ సొంత జేబులోంచి 3,000 డాలర్లు పెట్టాడు. మళ్ళీ ఎక్కడ తీశారు? వెర్నా ఫీల్డ్స్ ఇంటి పెరట్లో ఉన్న ఈతకొలనులో! సముద్రం నీళ్ళలా మసగ్గా ఉండాలని అందులో పాలు కలిపారు. ఎడిటర్ ఇంటి పెరడు, పాలు కలిపిన నీళ్ళు, ఒక బొమ్మ తల. ఇందాక మీలో సగంమంది ఎగిరిపడింది దానికే.

దీనికో కొసరు ఉంది. ఆ తల షాటు పెట్టాక మొదటి అరుపు, అదే చేప తలెత్తినప్పటిది, కొంచెం తగ్గిందని స్పీల్‌బర్గే ఒప్పుకున్నాడు. ఒకసారి బెదిరిన జనం తర్వాత జాగ్రత్తగా కూర్చుంటారు. ఒక అరుపు కొంటే ఇంకో అరుపులో కొంత పోయింది. ఎడిటింగ్‌లో ఏదీ ఊరికే రాదు.

1976 మార్చిలో వెర్నా ఆస్కార్ తీసుకుంది. అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి, అసలు సినిమాని కాపాడింది ఎడిటరేనట, కుర్ర దర్శకుడు కుప్పగా తెచ్చి పడేస్తే ఈవిడే సినిమా చేసిందట అని. స్పీల్‌బర్గ్‌కి ఇది నచ్చలేదు, నచ్చుతుందని ఎవరూ అనుకోరు కూడా. ఆయన తర్వాతి సినిమా మైకేల్ కాన్ కట్ చేశాడు, ఆ జోడీ దశాబ్దాలు నడిచింది.

నా అభిప్రాయం అడిగితే, ‘ఎడిటర్ కాపాడింది’ అన్న మాట ఎడిటర్‌కి గౌరవం కాదు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ దాని అర్థం ఏమిటి? సినిమా బాగుంటే దర్శకుడిది, సినిమా పాడైతేనే ఎడిటర్‌కి పని అని. ఎవరైనా మునిగిపోతేగానీ ఈమె పేరు రాదన్నమాట. చేప పనిచేయలేదు కాబట్టి చూపించలేదు, అది తప్పనిసరి. చేపకి తగిలించిన పసుపు పీపాలు నీళ్ళమీద పరిగెత్తితే చేప ఉన్నట్టే అని కుదుర్చుకున్నది అందరూ కలిసి. అందులో ఏ ముక్క ఎంత పొడవుండాలో పట్టుకున్న చెవీ చెయ్యీ ఆమెవి. శనివారం ఉదయం సీరియళ్ళలో గుర్రపు డెక్కలు కలిపిన చెయ్యి. దాన్ని అంతవరకు చెప్తే చాలు, పెంచక్కర్లేదు, తగ్గించక్కర్లేదు.

మరి ఆస్కార్ తర్వాత ఏ గొప్ప సినిమా కట్ చేసిందో తెలుసా? ఏదీ లేదు. ‘జాస్’ ఆమె ఎడిట్ చేసిన ఆఖరి సినిమా. 1976లో యూనివర్సల్ స్టూడియో ఆమెని సినిమా నిర్మాణ విభాగానికి వైస్ ప్రెసిడెంట్ చేసింది. హాలీవుడ్ స్టూడియోల్లో ఆ స్థాయి కుర్చీలో అప్పటికి ఆడవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కొందరు దీన్ని ఆమె విజయంగా రాస్తారు. నాకు మాత్రం సగం సంతోషం, సగం కడుపుమంట. అంత చెయ్యి తిరిగిన మనిషి బల్ల వదిలి మీటింగులకి వెళ్ళింది! అయితే వేరే దర్శకుల సినిమాలు ఇబ్బందిలో పడితే వాళ్ళు వెళ్ళేది ఈమె గదికే, అదీ నిజం.

ఒక్కసారి మాత్రం దర్శకత్వం అంచుదాకా వెళ్ళింది. 1977లో ‘జాస్ 2’ మొదలయ్యాక దర్శకుడు జాన్ హాంకాక్‌ని తీసేశారు. ప్రొడక్షన్ డిజైనర్ జో ఆల్వెస్, వెర్నా, ఇద్దరూ కలిసి దర్శకత్వం చేస్తారని ప్రతిపాదన పెట్టారు. దర్శకుల సంఘం ఒప్పుకోలేదు. చివరికి జానో ష్వార్క్‌ని తెచ్చారు. ఆమె తీసుంటే ఎలా ఉండేదో! చేపని ఇంకా తక్కువ చూపించేదేమో.

1982 నవంబర్‌లో క్యాన్సర్‌తో పోయింది, 64 ఏళ్ళు. హాలీవుడ్‌లో సౌండ్ ఎడిటర్ల సంఘం విద్యార్థుల సినిమాలకి ఇచ్చే అవార్డు ఆమె పేరు మీదే ఉంది. పిక్చర్ ఎడిటింగ్‌కి కాదు, సౌండ్ ఎడిటింగ్‌కి. ఇక్కడ కూర్చున్న కుర్రాళ్ళు, ముఖ్యంగా ‘నాకు పిక్చర్ చాలు, సౌండ్ ఎవరో చూసుకుంటారు’ అనేవాళ్ళు, ఇది నోట్ చేసుకోండి.

ఇంటికెళ్ళాక ఒక పని చేయండి. ఆ బీచ్ సీను పెట్టుకుని మొదట సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. తర్వాత కళ్ళు మూసుకుని వినండి. ఏ ముక్కలో సీను నిలబడుతుందో, ఎక్కడ కూలిపోతుందో కాగితం మీద రాసి, వచ్చే నెల వచ్చేటప్పుడు తీసుకురండి. సరే, ప్రశ్నలుంటే అడగండి. అదిగో, వెనకనుంచి ఆ అమ్మాయి ఎప్పట్నుంచో చెయ్యెత్తి ఉంది, ముందు ఆమెకి మైకివ్వండి.